ఆసుపత్రి మూడు గంటల దూరంలో ఉన్నప్పుడు

మా మనవడు ఈ నెలాఖరున నలుగురు మిత్రులతో కలిసి మోటారు సైకిళ్ల మీద మారేడుమిల్లి వెళ్లి, గుడిస కొండదారి ఎక్కి, రెండు రాత్రులు గుడారాలలో గడపాలని నిశ్చయించుకున్నాడు. తీసుకువెళ్లే వస్తువుల జాబితా నాకు చూపించాడు. గుడారం, స్లీపింగ్ బ్యాగు, గ్యాస్ స్టవ్వు, పంక్చర్ కిట్టు, అదనపు క్లచ్ కేబుల్, కెమెరాలు, మొత్తం 34 వస్తువులు. అందులో 33వది ఫస్ట్ ఎయిడ్ పెట్టె. దానిలో ఏముందని అడిగాను. "ఏవో ప్లాస్టర్లు, దూది ఉంటాయి తాతయ్యా" అన్నాడు.

బండికి రాగల ఇబ్బందులన్నిటికీ ఆ జాబితాలో జవాబు ఉంది; మనిషికి రాగల ఇబ్బందులకే లేదు. నగరంలో దెబ్బ తగిలితే కొద్ది నిమిషాలలో ఏదో ఒక ఆసుపత్రి గుమ్మం కనిపిస్తుంది. రాళ్లదారిలో, ఫోను సిగ్నలు అందని లోయలో అది రెండు మూడు గంటల ప్రయాణమవుతుంది. అడవి యాత్రకు సన్నద్ధం కావడమంటే ఆ రెండు మూడు గంటలకు సిద్ధపడటమేనని నా అభిప్రాయం. తక్కిన సామగ్రి సౌకర్యం కోసమే.

సుమారు 25 ఏళ్ల కిందట నేను ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. ఒకనాటి ఉదయం, విహారానికి వచ్చిన కళాశాల విద్యార్థులు తమ మిత్రుణ్ణి చేతుల మీద మోసుకుని వచ్చారు. రాత్రి నేలమీద దుప్పటి పరుచుకుని పడుకున్నాడట. ఏదో కుట్టినట్లయి లేచాడట. నొప్పి లేదు, వాపు లేదు కనుక తెల్లవారాక చూద్దామనుకున్నారు. మా దగ్గరకు వచ్చేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట తడబడుతోంది, ఊపిరి అందడం లేదు. విషానికి విరుగుడు ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాము. దారిలోనే మరణించాడు. "రాత్రే తీసుకువస్తే బతికేవాడా డాక్టరుగారూ?" అని అతని మిత్రుడొకడు నన్ను అడిగాడు. ఏమీ చెప్పలేకపోయాను.

అది కట్లపాము కాటు. ఈ పాము రాత్రిపూట సంచరిస్తుంది, నేలమీద నిద్రించేవారిని ఎక్కువగా కాటు వేస్తుంది. గాయం కనిపించకపోవచ్చు, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. అందుచేత గుడారం కొనేటప్పుడు రంగును కాక అడుగును చూడండి. అడుగుపట్టా గోడలతో కలిపి కుట్టి ఉండాలి. తలుపుకు దోమతెర, జిప్పు సరిగా పడాలి. జిప్పు ఎల్లవేళలా మూసి ఉంచాలి. రాత్రి బయటకు అడుగుపెడితే చేతిలో టార్చి, కాళ్లకు బూట్లు తప్పనిసరి. ఉదయం బూట్లు, హెల్మెట్ దులపకుండా ధరించరాదు. కాటు వేసిందన్న అనుమానం కలిగితే తెల్లవారే వరకు ఆగరాదు. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం హానికరం. కాటు పడిన కాలినో చేతినో కదలకుండా కర్రకట్టు కట్టి, రోగిని నడిపించకుండా, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చికిత్సకు తొలి మెట్టు.

ఇక రోడ్డు ప్రమాదాల సంగతి. ఐఎస్ఐ గుర్తు ఉన్న, ముఖమంతా కప్పే హెల్మెట్, మడమ దాటే గట్టి బూట్లు, మోకాలి, మోచేతి కవచాలు కొన్న తరువాతే కెమెరా గురించి ఆలోచించాలి. పడిపోయిన మిత్రుడి హెల్మెట్‌ను తొందరపడి లాగరాదు. మెడ ఎముకకు దెబ్బ తగిలి ఉంటే ఆ లాగుడు అతణ్ణి శాశ్వతంగా మంచానికి పరిమితం చేయవచ్చు. ఊపిరి ఆడని స్థితిలో మాత్రమే, ఒకరు మెడను కదలకుండా పట్టుకోగా మరొకరు మెల్లగా తీయాలి. తొడ ఎముక విరిగితే బయటకు చుక్క రాకుండానే లీటరుకు పైగా రక్తం లోపల పోవచ్చు. కాలును కదలకుండా కట్టి వెంటనే తరలించాలి. బయటకు రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. గాయాన్ని చూడటానికి మాటిమాటికీ తీయరాదు.

కనుక ఆ 33వ వస్తువును మొదటి స్థానానికి తెచ్చి, దానిలో వెడల్పైన క్రేప్ బ్యాండేజీలు, గాజుగుడ్డలు, కత్తెర, చేతి తొడుగులు, కట్టుకు పనికివచ్చే బద్దలు, పారాసెటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలు, ఎవరి సొంత మందులు వారివి ఉంచాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే బయలుదేరే ముందే వేయించుకోవాలి. చాలామంది హెల్మెట్ మీద రక్తం గ్రూపు రాసుకుంటారు. మంచిదే కానీ, ఆసుపత్రిలో దానిని మళ్లీ పరీక్షించాకే రక్తం ఎక్కిస్తారు. మాకు అంతకంటే ముఖ్యంగా తెలియవలసింది మూర్ఛ, మధుమేహం, ఆస్తమా వంటి జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు. వాటిని ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

చలికాలంలో లంబసింగి వంటి చోట్ల రాత్రి చలికి తాళలేక గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకునేవారున్నారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిప్పు బయటే ఉండాలి; చలికి మందపాటి స్లీపింగ్ బ్యాగు, అడుగున చాప చాలు. మద్యం చలిని తగ్గించదు. చర్మానికి వేడి తెలిసినట్లు భ్రమ కల్పిస్తూ లోపలి వేడిని బయటకు పంపివేస్తుంది.

కొన్ని ఏర్పాట్లకు డబ్బు అక్కరలేదు, మాట చాలు. అనుమతి ఉన్న చోటనే గుడారం వేయాలి. చీకటి పడే సరికి బండ్లు ఆగిపోవాలి. బృందంలో అందరికంటే నిదానంగా నడిపేవాడి వేగమే అందరి వేగం. దారి చీలిన ప్రతిచోటా, వెనుకవాడు కనిపించేదాకా ముందువాడు ఆగాలి. దగ్గరలోని ఆసుపత్రి ఏది, సిగ్నలు చివరిసారి ఎక్కడ అందింది, 108 వాహనం ఎంతవరకు రాగలదు అన్నవి గుడారం వేయకముందే అందరికీ తెలిసి ఉండాలి.

తిరిగి వచ్చిన నెల రోజులలోపు జ్వరం వస్తే, అడవిలో నిద్రించిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. ఏజెన్సీ ప్రాంతాలలో మలేరియా, పొదలలోని నల్లుల వంటి పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ రెండూ ఉన్నాయి. సకాలంలో గుర్తిస్తే రెండింటికీ మంచి మందులున్నాయి. చెప్పకపోతే మామూలు జ్వరమనుకుని విలువైన రోజులు గడిచిపోతాయి.

చివరగా పెద్దలకు ఒక మాట. "అడవులూ వద్దు, బండ్లూ వద్దు" అని మనం కసిరితే వారు మానరు. పక్క ఊరిలో పెళ్లికని చెప్పి వెళతారు. అప్పుడు వారు ఏ దారిలో ఉన్నారో, ఏ సాయంత్రానికి చేరాలో తెలిసినవారు ఇంట్లో ఒక్కరూ ఉండరు. అనుమతి ఇచ్చి, దారి వివరం రాయించుకుని, చెప్పిన వేళకు ఫోను రాకపోతే ఎవరికి కబురు చేయాలో తెలుసుకుని ఉండటం మన వంతు.

మా మనవడి జాబితా ఇప్పుడు మారింది. మొదటి వరుసలో మందుల పెట్టె ఉంది. చివరి వరుసలో "ప్రతి సాయంత్రం సిగ్నలు ఉన్న చోటి నుంచి తాతయ్యకు ఫోను" అని ఉంది. వెళ్లి రమ్మన్నాను.