కొండబంకయు డాక్టరు పట్టములును

మాడుగుల హల్వా పేరు వినని తెలుగువారు అరుదు. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు దీసి, ఆ పాలను పులియనిచ్చి, తీపియు నేయియు చేర్చి గంటలకొలది కలియద్రిప్పగా అది సిద్ధమగును. రసాయన శాస్త్రజ్ఞుని అడిగినచో, గోధుమపిండిలోని దీర్ఘాణువులు నీటిని తమలో బంధించి నిలిపిన ఒక విధమగు జెల్ అని చెప్పును. హల్వా దుకాణము ముందర నిలిచి ఇట్టి మాట పలుకువానికి పొట్లము దొరకునో లేదో మేము చెప్పజాలము. అయినను ఈ జెల్‌ల శాస్త్రము నేడు లోకమందలి విశ్వవిద్యాలయములలో అనేక యువకులకు డాక్టరు పట్టములను సంపాదించి పెట్టుచున్నది. దానికి వలయు ముడిసరకులలో ఒకటి మాడుగులకు పైనున్న కొండలలో పుట్టుచున్నది. అందుచేత ఈ విషయమును మా పాఠకుల ముందుంచుచున్నాము.

చోడవరమునుండి మాడుగుల మీదుగా పాడేరునకు పోవు బాట తూర్పుకనుమల నెక్కును. 2022వ సంవత్సరపు జిల్లాల విభజనలో మాడుగుల అనకాపల్లి జిల్లాకును, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకును చేరినవి. అడవికి మాత్రము ఈ సరిహద్దు తెలియదు. ఆ కొండల రాతినేలలయందు తపసి అను చెట్టు పెరుగును. దాని బెరడు తెల్లగా, నున్నగా నుండును. ఎండకాలమున ఆకులు రాలి కొమ్మలు బోడిగా నిలుచును. బెరడుపై గాటు పెట్టగా కారి గడ్డకట్టునదే తపసిబంక. గిరిజనులు దానిని సేకరించి, బెరడుముక్కలను ఏరివేసి, 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థకు అమ్ముదురు. తెలుపు హెచ్చిన కొలది వెల హెచ్చును. మట్టియు బెరడును కలసిన కొలది తగ్గును. గొడ్డలితో లోతుగా నరికి, ఒక యేటి బంకకొఱకు చెట్టునే చంపుకొన్న దినములును గలవు. చిన్న గాటుతో, శుభ్రమైన పద్ధతిని బంక దీసి, చెట్టును బ్రదుకనిచ్చు శిక్షణ తరువాత వచ్చినది. ఈ విషయమున విశాఖపట్టణమందలి కోవెల్ ఫౌండేషన్‌వారి కృషి ప్రశంసనీయము.

ఈ బంక గుణము వింతయైనది. మెత్తగా పొడిచేసి నీటిలో వేసినచో, పంచదారవలె కరగిపోక ఉబ్బును. తన తొలి పరిమాణమునకు 60 మొదలు 100 రెట్లవరకు ఉబ్బును. సబ్జాగింజలు నానుట చూచినవారికి ఇది సులభముగా బోధపడగలదు. చక్కెరజాతి అణువులు గొలుసులుగా కూడి, ఆ గొలుసులు వలవలె పెనగొని నీటిని పట్టియుంచును. ఇట్లు నీటిని పట్టి నిలుపు పదార్థమునకే హైడ్రోజెల్ అని పేరు. నిలువయున్న బంకకు తేమ తగిలినపుడు పుల్లని వాసన వచ్చుట వర్తకులెరిగినదే. గొలుసులకు అంటియున్న ఎసిటిక్ ఆమ్లపు భాగములు విడివడుటయే అందుకు కారణము. కట్టుడుపళ్లను నిలుపు పొడులలోను, విరేచనౌషధములలోను, ఆహారపదార్థములను చిక్కబరచుటకును ఈ బంక వాడుకలో నున్నది. ఐరోపావారి పట్టికలో దీనికి ఇ-416 అను సంఖ్యయు గలదు. లోకమునకు దీనిని ప్రధానముగా సమకూర్చునది భారతదేశమే. పోవునపుడు గడ్డ, వచ్చునపుడు మందుడబ్బా. ఈ వర్తకపు తీరు మనకు క్రొత్తది కాదు.

హైడ్రోజెల్ శాస్త్రము విఖ్యాతమైనది ప్రేగ్ నగరమున. 1960లో ఓటో విఖ్టర్లే, డ్రహొస్లావ్ లిమ్ అను ఇరువురు దేహమునకు సరిపడు కృత్రిమ జెల్‌ను ప్రకటించిరి. మెత్తని కాంటాక్టు లెన్సులు దానినుండియే పుట్టినవి. 1961లో విఖ్టర్లే తన ఇంటియందు, పిల్లల ఆటవస్తువుల భాగములతో యంత్రమును కూర్చుకొని ఆ లెన్సులను పోతపోసెను. పరికరములు లేవని నిట్టూర్చు మన ఆచార్యులు ఈ కథను ఒకపరి స్మరింతురుగాక! తరువాతి దశాబ్దమున అమెరికా వ్యవసాయశాఖవారి పియోరియా ప్రయోగశాలలో పిండిపదార్థమునకు కృత్రిమపు గొలుసులు అతికించి, తన బరువునకు వందలరెట్లు నీరు త్రాగు పదార్థమును చేసిరి. నేడు పసిపిల్లల డైపర్లలో నుండు పాలియాక్రిలేటు పెట్రోలియమునుండి పుట్టినది. పారవేసిన పిదప మట్టిలో అంత సులభముగా జీర్ణము కాదు. కావుననే చెట్టుబంకలు, పిండి, నార, రొయ్యపెంకులు మున్నగు ప్రకృతిసిద్ధ వస్తువులవైపు పరిశోధకుల చూపు మరలినది.

ఈ మార్గమున తెలుగుదేశము వెనుకబడినదనుట అన్యాయము. అనంతపురము శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున హైడ్రోజెల్‌లను గూర్చిన పరిశోధన చాలకాలముగా జరిగినది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జీవరసాయన శాఖవారు తపసికి సోదరివంటి కొండగోగు బంకను శోధించి, దాని నిర్మాణమును, నీటియందలి విషలోహములను అది పట్టగల శక్తిని ప్రకటించిరి. ఆ పని యొక్క తరువాతి శాఖలు చెక్ దేశమందలి లిబెరెత్స్ సాంకేతిక విశ్వవిద్యాలయమున విస్తరించినవి. అచట మన చెట్టుబంకలనుండి సన్నని నానోపోగులు తీసిరి. విఖ్టర్లే దేశమునకు మన అడవి బంక చేరుట సంతోషకరమే. విద్యకు ఎల్లలు లేవు. అయితే ఆ ప్రయోగశాల విశాఖలోనో అనంతపురములోనో వెలసియుండిన మరింత సంతోషించియుందుము.

ఇక మా ఆక్షేపణ. ప్రకృతిసిద్ధమన్నంతనే ఒక పదార్థము నిరపాయమగునా? అనేక పత్రములలో బంక పాలు స్వల్పము; దానికి అతికించు ఆక్రిలమైడు, ఆక్రిలిక్ ఆమ్లము అధికము. గొలుసులను ముడివేయుటకు గ్లూటరాల్డిహైడు వంటి ఘాటు ద్రవ్యములను వాడుదురు. ఆక్రిలమైడు నాడులకు హాని చేయు విషమని రసాయనవేత్తలే చెప్పుదురు. పేరు చెట్టుది, దేహము పెట్రోలియముది అయినపుడు అది పాత సరకునకు ఆకుపచ్చ రంగు పూయుటయే. అంతేకాక, ఎన్నిరెట్లు ఉబ్బినదని బట్టీపట్టిన నీటిలో కొలిచి, పెద్ద సంఖ్యను పట్టికలోకెక్కించి తృప్తిపడువారు పెక్కురు. పొలములోని నీటియందు లవణములుండును. లవణములున్నచోట ఈ జెల్‌ల ఉబ్బు మిక్కిలి తగ్గిపోవును. రైతు బట్టీనీటితో వ్యవసాయము చేయడు గదా!

జ్ఞానార్జనమే పరిశోధకుని ధర్మము, అంగడి ఊసు అతని కెందుకని కొందరందురు. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. గొలుసు నిర్మాణమును తెలిసికొనుటయే ఒక జీవితమునకు చాలిన పని. కాని వ్యాసపు తొలిపుటలోనే రైతును, పర్యావరణమును, గిరిజనుని పేర్కొని సాయము పొందినవాడు చివరిపుటలో వారిని మరచుట తగదు.

చేయదగిన పని దూరాన లేదు. ఢిల్లీ పూసాయందలి వ్యవసాయ పరిశోధనా సంస్థవారు సెల్యులోజు ఆధారముగా పూసా హైడ్రోజెల్ చేసి, హెక్టారునకు 2.5 మొదలు 5 కిలోల చొప్పున నేలలో కలుపుమనిరి. చోడవరపు చెరకుపిప్పిలో సెల్యులోజు గలదు. విశాఖ రొయ్యల కర్మాగారముల పెంకులలో కైటిన్ గలదు. కొండపై బంక గలదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము, అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానము, విశాఖయందలి మత్స్య సాంకేతిక పరిశోధనా కేంద్రము మూడును ఒక దినపు ప్రయాణములోనే యున్నవి. మాడుగుల మెట్టపొలమున, వాన మొగము చాటుచేసిన యేట, ఈ జెల్ మొలకను ఎన్నిదినములు బ్రదికించినది, పంట పిదప మట్టిలో ఎన్నినెలలకు కలిసిపోయినది అను రెండు లెక్కలు చూపిన వ్యాసమునకు పట్టమిచ్చుటలో ఎవరును సందేహింపరు.

బంక తీయువాని భాగము మాట కూడ చెప్పవలసియున్నది. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము జీవసంపద వలన కలుగు లాభములో స్థానికులకు న్యాయమైన పాలుండవలెనని శాసించుచున్నది. బంకతో క్రొత్త వస్తువు చేసి హక్కుపత్రము పొందు ప్రతి సంస్థయు, ఆ బంక ఏ అడవిది, ఏ పద్ధతిని తీసినది, సేకరించినవారికి ఏమి ముట్టినది అని పత్రముననే తెలుపునట్లు విశ్వవిద్యాలయములు నియమము చేయవలెను. వ్యాసమునకు పది పుటల తెలుగు సంగ్రహమును చేర్చి, పాడేరు, మాడుగుల, చోడవరము గ్రంథాలయములకు ఒక్కొక్క ప్రతి పంపుటకు అగు వ్యయము స్వల్పము. ఎండలు ముదిరి బంక దిగు కాలమునకు ముందే మొదటి ప్రతి పాడేరు చేరవలెనని మా కోరిక.