పెరటిలో పందులు, కోళ్లు, బాతులు: ఇన్‌ఫ్లూయెంజా నిఘా ఒక్కటిగా సాగాలి

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం గ్రామాల కోళ్ల ఫారాలలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఇదే వైరస్‌కు బలైంది. ఈ సంఘటనలు ఉప్పుటేరుకు ఈవల ఉన్న కృత్తివెన్ను వంటి తీర మండలాలకు కూడా హెచ్చరికే.

ఈ ప్రాంతపు జీవన విధానంలోనే పలు జాతుల కలయిక ఉంది. కొల్లేటికి వచ్చే వలస పక్షులు చేపల, రొయ్యల చెరువులపై వాలుతాయి. వరి కోతల తరువాత బాతుల మందలు రాలిన గింజల కోసం చేలల్లో తిరుగుతాయి. ఊరి చివర పెరటి కోళ్లు, పందులు ఒకే మురుగు కాలువ వద్ద మేస్తాయి. నిషేధం ఉన్నా కోడి వ్యర్థాలను చేపల చెరువులకు తరలించే అలవాటు డెల్టాలో పూర్తిగా పోలేదు.

ఇన్‌ఫ్లూయెంజా-ఎ వైరస్ జన్యు పదార్థం ఎనిమిది ఖండాలుగా ఉంటుంది. పక్షి వైరస్‌లు, మానవ వైరస్‌లు అతుక్కొనగల రెండు రకాల గ్రాహకాలూ పంది శ్వాసనాళంలో ఉన్నాయి. రెండు వైరస్‌లు ఒకే కణంలో చేరితే ఖండాలు తారుమారై కొత్త వైరస్ పుట్టవచ్చు. 2009 నాటి హెచ్1ఎన్1 మహమ్మారి వైరస్‌లో పందుల, పక్షుల, మానవుల వైరస్‌ల నుంచి వచ్చిన ఖండాలు ఉన్నాయి. అదే ఏడాది చిలీలో ఆ వైరస్ టర్కీ కోళ్లకూ సోకింది. 2024 అక్టోబరులో అమెరికాలోని ఓరెగాన్‌లో కోళ్లు, పశువులు ఒకే నీటిని, ఒకే కొట్టాన్ని, ఒకే పనిముట్లను పంచుకొన్న ఒక చిన్న ఫారంలో పందికి హెచ్5ఎన్1 సోకింది.

పందులలో హెచ్5ఎన్1 సులభంగా వ్యాపించదనే వాదనలో నిజం ఉంది. భయాందోళనకు కారణం లేదు. అయితే వ్యాధి సోకిన పందిలో లక్షణాలు స్వల్పంగా ఉండవచ్చు, అసలు కనిపించకపోవచ్చు. కోళ్లు చనిపోతే ఊరంతా తెలుస్తుంది. పందిలోని వైరస్‌ను వెతికితేనే తెలుస్తుంది. బర్డ్ ఫ్లూ చర్యలు కిలోమీటరు పరిధిలో పక్షుల వధ, పది కిలోమీటర్ల పరిధిలో నిఘా చుట్టూ నడుస్తాయి. ఆ పరిధిలోని పందుల ముక్కు స్రావాల నమూనాలను సేకరించడం కూడా తప్పనిసరి కావాలి.

ఈ బాధ్యతలో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర కీలకం. గన్నవరం పశువైద్య కళాశాల, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం ఈ ప్రాంతానికి అందుబాటులోనే ఉన్నాయి. కోళ్ల రైతుకు ఒక సలహా, పందుల పెంపకందారుకు మరొక సలహా అని విడదీయక, కుటుంబానికంతటికీ ఒకే సందేశం అందించాలి: పందులకు, కోళ్లకు వేర్వేరు కొట్టాలు, వేర్వేరు నీటి తొట్లు ఉండాలి, చనిపోయిన కోడిని పందికి వేయరాదు, కాలువలో పారవేయరాదు, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి, జ్వరం, దగ్గు ఉన్నవారు పందుల కొట్టంలోకి వెళ్లరాదు, ఎందుకంటే మనుషుల నుంచి కూడా పందులకు వైరస్ సోకుతుంది.

చెప్పినంత మాత్రాన ఆచరణ రాదు. ప్రభుత్వం వధించిన పక్షులకు పరిహారం ఉంది గాని, అంతకు ముందే చనిపోయినవాటికి లేదు. పందిలో వైరస్ బయటపడితే తన గతి ఏమిటో తెలియని పేద పెంపకందారు నమూనా ఇచ్చేందుకు ముందుకు రాడు. అతని నష్టానికి ముందుగానే భరోసా ఇవ్వని నిఘా కాగితాలకే పరిమితమవుతుంది. వైరస్‌కు జాతుల మధ్య గోడలు లేవు. దానిని ఎదుర్కొనే శాఖల మధ్యా ఉండరాదు.