8 ఏళ్ల పిల్లకు క్లిప్పుల తొందరెందుకు?



సాఖర్ పేట నుంచి కుచన్ నగర్ దాకా ఈ మధ్య ఒకటే మాట వింటున్నాం. "పాపకు ఎత్తుపళ్ళు. ఇప్పుడే క్లిప్పులు పెట్టించకపోతే తర్వాత కుదరదట." ఆ 'అట' ఎవరన్నదో మాత్రం ఎవరూ చెప్పరు. పాపకు 8 ఏళ్లు. తండ్రి టవల్ కార్ఖానాలో సాంచాల మీద, తల్లి బీడీల చాట ముందు. భిషీ ఎత్తి డాక్టరుకు కడతారట. ఈ తొందరే తప్పంటున్నాం.

ప్రపంచమంతటా జరిగిన వైద్య పరీక్షలను ఒక్కచోట చేర్చి తూకం వేసే సంస్థ కొక్రేన్. ఎత్తుపళ్ళ మీద వాళ్ళ సమీక్ష 2018లో వచ్చింది. 7 నుంచి 11 ఏళ్ల లోపు ఒకసారి, పెద్దయ్యాక ఇంకోసారి, ఇలా రెండు విడతల్లో వైద్యం చేయించినా, టీనేజీలో ఒకే విడతలో చేయించినా చివరికి పళ్ళ వరసలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ముందే చేయిస్తే ముందుపళ్ళకు దెబ్బ తగలడం తగ్గింది, అంతే. అది చిన్న లాభమని అనం. పళ్ళు మరీ ముందుకొచ్చి, పరుగులు తీసే పిల్లాడైతే ఆలోచించాల్సిందే. కింది పళ్ళు పైపళ్ళను దాటి ముందుకొస్తే ఆ సంగతి వేరు, త్వరగా చూపించాలి. మిగతావాళ్ళకు రెండు విడతలంటే రెండు ఖర్చులు.

"7 ఏళ్లకే చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘమే చెప్పింది కదా" అంటున్నారు. చూపించమంది. క్లిప్పులు పెట్టించమనలేదు.

ఇక కంపించే పరికరంతో పళ్ళు తొందరగా కదులుతాయన్న ప్రచారం. దానివల్ల చికిత్స కాలం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. దానికి వేరే బిల్లు కట్టకండి. క్లిప్పులు తీశాక రిటైనర్ వేసుకోవాలన్న మాట మాత్రం ముందు చెప్పరు. పడుగు బిగువు వదిలితే ఏమవుతుందో మనకు ఒకరు నేర్పాలా?

డాక్టరుగారు బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్ చేశారా అని అడగండి. 12 ఏళ్ల దాకా ఆగితే మా పాపకు నష్టమేమిటో కాగితం మీద రాసివ్వమనండి.

అసలు భయం పళ్ళది కాదు, పెళ్లిది. ఆడపిల్ల నవ్వితే పళ్ళు లెక్కపెట్టేది డాక్టర్లు కాదు, మన పెళ్లిచూపుల్లో మనమే. మగపిల్లాడి ఎత్తుపళ్ళకు ఏ సంబంధం తప్పిపోయింది?

మన సంఘం ఇకమీద దంత శిబిరం పెడితే ఒక షరతు ఉండాలి. పరీక్ష చేయొచ్చు, అడ్వాన్సు మాత్రం అక్కడ తీసుకోకూడదు. వచ్చే సమావేశంలో ఇది పెడతాం. ఒప్పుకోనివాళ్ళు వచ్చి ఎదురుగానే మాట్లాడండి.