బూడిద తియ్యకుండా ఊదితే

అరసికెరె నుంచి ఒక చెల్లెలు ఈ శీర్షికకు రాయించి పంపిన ప్రశ్న ఇది. భర్త టౌనులో మిల్లు పనికి పోయినాడు, ఆమె ఊళ్ళోనే పిల్లల్నీ అత్తనూ చూసుకుంటూ చెనిక్కాయ చేలల్లో కూలికి పోతుంది. "అన్నా, బాప్తిస్మం తీసుకున్న కొత్తల్లో కోడికూతకు లేచి ప్రార్థన చేస్తుంటే కండ్లల్లో నీళ్ళు ఆగేవి కావు. ఇప్పుడు మోకాళ్ళు వేస్తే నిద్ర వస్తుంది. పాట పాడితే నోరు ఒక్కటే పాడుతుంది. దేవుడు నన్ను వదిలేసినాడా?"

అమ్మా, ఇది నీ ఒక్కదాని బాధ కాదు. మన మిల్లు లైన్లల్లో ఇదే బాధ ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మగవాళ్ళు అసలు నోరు విప్పరు, ఆదివారం వచ్చి వెనక వరసలో కూర్చొని పోతారు.

మొదట ఏలీయా సంగతి చూడు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది ఆయన ప్రార్థనకే. ఆ తర్వాత యెజెబెలు చంపిస్తానని కబురు పెడితే అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇంక చావే మేలన్నాడు. అప్పుడు దేవదూత వచ్చి తిట్టలేదు, ఉపవాసం ఉండమనలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు పెట్టి, లేచి తినమన్నాడు. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. వారమంతా నైట్ షిఫ్ట్ చేసిన తమ్ముడినీ, ఎండలో నడుము వంచి చెనిక్కాయ పీకిన చెల్లెల్నీ పట్టుకొని "నీ విశ్వాసం చల్లారిపోయింది" అని గద్దించే బోధకులు, నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని ముందు అడిగితే బాగుండును. అలసటను పాపం కింద రాయడం నాకు నచ్చదు.

నిద్ర తీరినా గుండె కదలకపోతే అప్పుడు పొయ్యి దగ్గరికి రావాలి. అగ్గిపెట్టెకు డబ్బులు లేని కాలంలో మన అవ్వలు రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి పెట్టేవాళ్ళు. పొద్దున లేచి ముందు ఆ బూడిద తీసి, తర్వాతే ఊదుగొట్టం పట్టేవాళ్ళు. బూడిద తియ్యకుండా ఊదితే కండ్లల్లో పడడం తప్ప మంట రాదు. లేవీయకాండం ఆరో అధ్యాయంలో యాజకుడి పని కూడా ఇట్లాగే ఉంటుంది. బలిపీఠం మీద అగ్ని ఆరిపోకూడదు, రోజూ పొద్దున కట్టెలు వెయ్యాలి. అయితే ముందు బూడిద ఎత్తాలి, బట్టలు మార్చుకొని దాన్ని పాళెం బయటికి మోసుకుపోవాలి. అంత పెద్ద యాజకుడికీ ఆ పని తప్పలేదు.

మన బూడిద ఏమిటో ఎవరికి వాళ్ళకే తెలుసు. చీటీ డబ్బుల దగ్గర వదినతో మాట పోయి ఉంటుంది. సంఘం కమిటీలో పేరు రాలేదని లోపల మంట ఉంటుంది. అప్పు ఎగ్గొట్టి ఆ ఇంటి ముందు నుంచి తల వంచుకొని పోతుంటాం. వాటిని అట్లాగే ఉంచి ఎంత గట్టిగా చప్పట్లు కొట్టినా లాభం లేదు.

ఇక ఒంగోలు సంగతి. దీన్ని మన పెద్దలు చాలాసార్లు చెబుతారు గానీ చివరి అంకె ఒక్కటే చెబుతారు: 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. దానికి ముందున్న ఇరవై నాలుగేళ్ళు ఎవరూ చెప్పరు. నాకైతే అవే ముఖ్యం.

అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టింది 1836లో. నెల్లూరులో ఏళ్ళ తరబడి కష్టపడినా చేరినవాళ్ళు కొద్దిమందే. 1853లో, పంపించిన సంఘమే ఈ పని మూసేద్దామా అని చర్చ పెట్టింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ మీదికి అయిదుగురు ఎక్కినారు: జెవెట్ దొర, ఆయన భార్య, మనవాళ్ళు నర్సు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేసి దిగినారు. మైకు లేదు, పందిరి లేదు, కానుకల సంచి లేదు. దిగినాక ఏమీ జరగలేదు కూడా. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ళ తర్వాత. 1867 జనవరి 1న సంఘం కట్టితే అందులో ఉన్నది ఎనిమిది మంది.

ఆ సంఘం పెరిగింది మనలాంటి కష్టజీవుల చేతుల మీదనే. యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి, వ్యాపారం కోసం తిరిగిన ఊళ్ళల్లోనే తనకు తెలిసిన సంగతి చెప్పుకుంటూ పోయినాడు. తర్వాత 1876-78 ధాత కరువు వచ్చింది. మన పావగడ అప్పుడు మైసూరు రాజ్యంలో ఉండేది, అక్కడా జనం ఘోరంగా చచ్చిపోయినారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని కరువు జనానికి కూలి ఇప్పించినాడు. బోధకులే మేస్త్రీలు. మట్టి మోసేవాళ్ళు అలుపు తీర్చుకొనే వేళల్లో పక్కన కూర్చొని మాట్లాడేవాళ్ళు. అయినా కరువు సాయం నడిచినన్నాళ్ళు, ఏడాదికి పైగా, ఎవరు అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చినారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయినాక కూడా వచ్చినవాళ్ళే ఆ 2,222 మంది. వాళ్ళకు బాప్తిస్మం ఇచ్చింది కూడా దొర కాదు, తెలుగు బోధకులు.

రాత్రి కూటాలు వద్దని నేననను. ఊరంతా కలిసి పాడితే గుండెకు బలమే. కానీ మూడు రాత్రుల కూటానికి అప్పు చేసి, నాలుగో పొద్దుకు వడ్డీ లెక్క వేసుకునే ఇండ్లు నేను చూసినాను. ఆ వేడి షిఫ్ట్ మారేలోపల దిగిపోతుంది.

పొయ్యి పూర్తిగా ఆరిపోయిన రోజు అవ్వలు ఏం చేసేవాళ్ళో గుర్తుందా? పిడక ముక్క పట్టుకొని పక్కింటికి పోయి నిప్పు తెచ్చుకొనేవాళ్ళు. అందులో నామోషీ ఏమీ లేదు. పౌలు కూడా తిమోతికి, నీలో ఉన్న వరాన్ని మళ్ళీ రగిలించుకోమని రాసే ముందు వాళ్ళ అవ్వ లోయినీ అమ్మ యునీకేనూ గుర్తు చేసినాడు. ఆ పిల్లవాడికి నిప్పు ఆ ఇంటి నుంచే వచ్చింది.

కాబట్టి చెల్లెమ్మా, ఈ వారం ఒక పూట బాగా పడుకో. ఎవరితో మాట పోయిందో వాళ్ళ గడప తొక్కు. తర్వాత మీ వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను అడిగి, కూలికి పోకముందు పావుగంట ఒకచోట కూర్చోండి. బోధకుడు రాలేదని ఆగొద్దు. పిల్లలు బడిలో కన్నడ చదివినా, ఇంట్లో సంగటి కెలుకుతూ మాట్లాడే తెలుగులోనే ప్రార్థన చెయ్యండి. అప్పు ఉంటే అప్పు సంగతి చెప్పండి, పిల్లకు జ్వరమైతే జ్వరం సంగతి చెప్పండి. కన్నీళ్ళు వచ్చినాయా లేదా అని చూసుకోవద్దు. నెల తర్వాత ఎట్లుందో మళ్ళీ రాయించి పంపమ్మా. మీ ఆయనకు ఈ పుస్తకం మిల్లు దగ్గరే దొరుకుతుంది, ఈ పేజీ చదవమని చెప్పు.