బంబుల్‌బీ బొమ్మ ఎవరి చేతిలో ఉండాలి?

బొమ్మ మంచిదా కాదా అని తేల్చడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. కొన్న వారం తర్వాత దాంతో కుస్తీ పడుతున్నది ఎవరు, పిల్లా, పిల్ల తల్లా? తల్లే అయితే ఆ బొమ్మ ఎంత ఖరీదైనదైనా దండగే. కారుని తిప్పితే రోబో అయ్యే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు చాలా ఇళ్ళలో ఈ కొలత దగ్గరే ఓడిపోతున్నాయి. తప్పు బొమ్మది కాదు. మనం వయసు చూడకుండా కొంటున్నాం. ఎవరికి కొనాలన్న దాంట్లోనూ మనకి ఒక తప్పుడు లెక్క ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

మా ఇంట్లో ఉన్నది బంబుల్‌బీ. పసుప్పచ్చ బీటిల్ కారు, అరచేతిలో సరిపోతుంది. విప్పడం మొదలుపెడితే బానెట్ వెళ్ళి రోబో ఛాతీ అవుతుంది, తలుపులు వీపు వెనక రెక్కల్లా నిలబడతాయి, ఎక్కడో లోపల దాక్కున్న తల బయటికొస్తుంది. ఇరవై పైచిలుకు మడతలు. వరస తప్పితే చెయ్యి కాలికి అడ్డం పడుతుంది. బలవంతం చేస్తే ప్లాస్టిక్ మడత దగ్గర తెల్లబడుతుంది, ఇక విరగడమే తరువాయి. మొదటిసారి మా అమ్మాయికి గంట పట్టింది. దసరా సెలవులు కాబట్టి వేరే పనేం లేదు. మూడో రోజుకి కాగితం చూడటం మానేసింది. ఇప్పుడు టీవీ చూస్తూ చేస్తుంది, మా అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీసినట్టు, చేతుల వైపు చూడకుండా.

ఆ మొదటి గంటలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఎక్కడో తప్పింది అని తెలిశాక, తను మూడు నాలుగు మడతలు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టింది. లెక్కల హోంవర్క్‌లో ఒక తప్పొస్తే పుస్తకం విసిరేసే పిల్ల! మెలికల ముగ్గులో గీత తప్పితే అక్కడిదాకా చెరిపి మళ్ళీ వెయ్యాలి కదా, అదే పని. ఏడవకుండా చేసింది. పెట్టె మీద రాసినట్టు తెలివి పెరుగుతుందని, రేపు ఇంజనీర్ అవుతుందని నేను నమ్మను. బొమ్మలు కొంటే ఇంజనీర్లు అయ్యేట్టయితే మన వీధికి ఒక కాలేజీ ఎందుకు? ఓపిక మాత్రం చూశాను, అది చాలు నాకు.

అయితే తనకి అప్పటికి ఎనిమిది నిండాయి. వయసు సంగతి ఇక్కడే వస్తుంది. ఈ బొమ్మల్లో ఒకే పేరుతో, ఒకే రంగుతో చాలా రకాలుంటాయి. మూడేళ్ళ వాళ్ళకి లావుపాటి ముక్కలతో రెస్క్యూ బాట్స్ అని వేరే ఉన్నాయి. ఒక్కసారి లాగితే రోబో అయిపోయేవి ఉన్నాయి. మాది పైన 8+ అని ఉన్న రకం. కొట్లో అన్నీ పక్కపక్కనే వేలాడుతుంటాయి, అన్నిటి మీదా అదే బంబుల్‌బీ మొహం. నాలుగేళ్ళ వాడికి ఎనిమిదేళ్ళ బొమ్మ కొని, "మా వాడు చాలా షార్పండీ" అంటే ఏం లాభం? మీరు పోపు వేస్తుంటే వాడొచ్చి "అమ్మా, కారు చెయ్యి" అంటాడు. చేసిస్తారు. నిమిషంలో "అమ్మా, రోబో చెయ్యి." ఆవాలు మాడిపోతాయి. రాత్రి పదింటికి ఆయనొచ్చి పట్టుదలకి పోయి ఒక చెయ్యి ఊడదీస్తారు. తెల్లారేసరికి బొమ్మ ఫ్రిజ్ మీదికి చేరుతుంది.

అలాగని ఒక్క లాగుడు రకాన్ని పెద్ద పిల్లలకి కొనకండి. రెండు రోజులకి మొహం మొత్తుతుంది. అందులో పిల్ల చేసేదేం లేదు, స్ప్రింగే అంతా చేసేస్తుంది.

కొనే ముందు మన దేశంలో చూసుకోవాల్సింది ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి. జాతరలో, సిగ్నళ్ళ దగ్గర అమ్మే వాటి మీద ఆ గుర్తు కనపడదు. అవి చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, పట్టుకుంటే తేడా తెలుస్తుంది. కీళ్ళు వదులుగా ఊగుతాయి, అంచులు గీసుకుంటాయి, పెట్టె తెరవగానే ఘాటు వాసన. మెరిసే లైట్లూ సైరన్‌లూ ఉన్నవి ఇంకా అనుమానించాలి. వాటిల్లో బటన్ సెల్లులుంటాయి. సెల్లు పెట్టే చోటు మూత స్క్రూతో బిగించి లేకపోతే అది ఇంట్లోకే రాకూడదు. పసివాళ్ళు అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా సరే, అరటిపండు పెట్టి చూద్దాం అని ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. మా బంబుల్‌బీలో సెల్లుల్లేవు. అది అరవదు, మెరవదు. అందుకే దానికి పది మార్కులు ఎక్కువ వేస్తాను. అరవాల్సి వస్తే మా అమ్మాయే అరుస్తుంది.

ఇక కార్టూన్. ఈ వరస తల్లులకి తెలిసుంటే మంచిది. ముందు పుట్టింది కథ కాదు, బొమ్మ. జపాన్‌లో తకారా అనే కంపెనీ ఇలాంటి మారే బొమ్మలు చేసేది. అమెరికాలో హాస్‌బ్రో వాళ్ళు వాటిని తీసుకుని, పేర్లు పెట్టి, మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ పంచి, 1984లో బొమ్మల్నీ కార్టూన్‌నీ కలిపి వదిలారు. అంటే పిల్లలు అరగంట కూర్చుని చూసింది అరగంట ప్రకటనే. 1986లో వచ్చిన సినిమాలో పాత బొమ్మల చోట కొత్తవి అమ్మాలి కాబట్టి వాళ్ళ నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ని చంపేశారు. థియేటర్లలో పిల్లలు ఘొల్లుమన్నారు. తర్వాత సీరియల్లో మళ్ళీ బతికించాల్సి వచ్చింది. బొమ్మలమ్మే వాళ్ళ లెక్కలో అది పాత సరుకు, పిల్లల లెక్కలో అది ఇంటి మనిషి. ఈ ముక్క తెలిశాక నేను ఒక నియమం పెట్టుకున్నాను. బంబుల్‌బీ ఉంది కదా, దానికి తోడుగా ఇంకో తొమ్మిది మంది అక్కర్లేదు. "వాడికి ఫ్రెండ్స్ లేరమ్మా" అంటే, మన ఇంట్లో ఉన్న కుందేలూ ఏనుగూ ఫ్రెండ్సే అన్నాను. ఇప్పుడు ఆ రోబో ఒక గుడ్డ కుందేలుకి డ్రైవర్. నాకైతే సీరియల్ కథ కంటే ఇదే బావుంది.

ఇంక తప్పుడు లెక్క. మా ఆడపడుచు కూతురికి ఇలాంటిది కావాలిట. "మగపిల్లల బొమ్మ కదా వదినా, ఆడపిల్లకి కిచెన్ సెట్టో బార్బీనో కొంటే పోదూ" అంది. తను ఒక్కతే కాదు, కొట్లో కుర్రాడు కూడా "బాబుకా మేడమ్?" అనే మొదలుపెడతాడు. అబ్బాయిల వరస నీలం, అమ్మాయిల వరస గులాబీ. మా చిన్నప్పుడు లక్కపిడతలతో ఆడుకున్నాం, ఇప్పటికీ నాకవి ఇష్టమే. ఉత్తుత్తి అన్నం, ఉత్తుత్తి పప్పు. వాటి మీద నాకేం కోపం లేదు. నా గొడవల్లా ఒకటే. పెళ్ళయ్యాక ఎలాగూ నిజం గిన్నెలు చేతికొస్తాయి, వద్దన్నా వస్తాయి. స్క్రూడ్రైవర్ మాత్రం ఎవరూ చేతికివ్వరు. మిక్సీ ఆగిపోతే ఫ్యూజు పోయిందేమో చూడటానికి కూడా ఆయన వచ్చేదాకా కూర్చునే ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు? చేతకాక కాదు, విప్పి చూడటం మన పని కాదని చిన్నప్పుడే అనుకున్నాం కాబట్టి.

తమాషా ఏమిటంటే, బంబుల్‌బీ పేరుతోనే 2018లో వచ్చిన సినిమాలో హీరో అబ్బాయి కాదు. చార్లీ అని ఒక అమ్మాయి. పద్ధెనిమిదేళ్ళు నిండుతుంటాయి. తండ్రి పోయాడు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన పాత కారు గ్యారేజీలో ఆగిపోయి ఉంటుంది, దాన్ని ఎలాగైనా నడపాలని తంటాలు పడుతుంటుంది. పాత ఇనుప సామాన్ల చోట దొరికిన పసుప్పచ్చ బీటిల్‌ని ఇంటికి తెచ్చి బాగుచేయబోతే అది రోబో అని తేలుతుంది. గొంతు పోయి మాట రాని ఆ రోబోకి పేరు పెట్టేదీ, రేడియో పాటలతో మాట్లాడటం నేర్పేదీ ఆ పిల్లే. నల్లగా గ్రీజు పట్టిన చేతులు ఆమెవి. మా ఆడపడుచుకి ఆ సినిమా చూడమని చెప్పాను. కొట్లో బొమ్మల వరసలు పేర్చే వాళ్ళు కూడా ఒకసారి చూస్తే బావుండు.

ఇందులో ఇంకో వైపు కూడా ఉంది. మా తమ్ముడి కొడుకు కిచెన్ సెట్ అడిగితే మా ఇంట్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వాడికి రోబో బలవంతంగా అంటగడితే అదీ ఫ్రిజ్ మీదికే చేరుతుంది.

ఖరీదు మాటకొస్తే, మేము కొన్నప్పుడు రెండువేలకి కాస్త తక్కువ పడింది. ఎక్కువే. సంవత్సరానికి ఒకటి కంటే కొనే బొమ్మ కాదు. రెండేళ్ళయినా ఇంకా ఆటలో ఉంది కాబట్టి నేను బాధపడటం లేదు.

ఎప్పుడైనా చెయ్యో కాలో ఊడిపడితే వెంటనే చెత్తలో వెయ్యకండి. చాలావరకు గుండ్రటి కీలు గుంటలోంచి జారుతుంది, అంతే. నెమ్మదిగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. అది కూడా మీరు నొక్కకండి, పిల్లకివ్వండి. పెట్టెలో వచ్చే బొమ్మల కాగితం పారేయకుండా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అందులో చదవాల్సింది పెద్దగా ఉండదు, అంకెలూ బాణం గుర్తులే. కారు నుంచి రోబో చేయడం చూపిస్తారు. మళ్ళీ కారు చేయాలంటే చివర్నుంచి మొదటికి చూసుకుంటూ రావాలి.