సూది తిరిగితే ఖిబ్లా తిరగదు

పోయినేడు ఒక రోజు అసర్ నమాజు తర్వాత మా మొహల్లా మసీదులో గొడవ మొదలైంది. ఇంజినీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లలో ఖిబ్లా యాప్ తెరిచి సఫ్ మీద పెట్టారు. ఒక ఫోన్ మెహరాబ్‌కు కాస్త కుడివైపు చూపింది, ఇంకోటి ఎడమవైపు. మూడో ఆయన తన ఫోన్ తీస్తే అది ఏకంగా వజూఖానా వైపు చూపింది. "మసీదే వంకరగా కట్టారు" అన్నారొకరు. "పెద్దల్ని తప్పుపట్టేంత వాళ్లయ్యారా మీరు?" అన్నారు ఇంకొకరు. ఇమాం సాబ్ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ రాత్రి అబ్బా సరిగ్గా అన్నం తినలేదు. "నలభై ఏళ్లు అక్కడే చదివాను కదా బేటా, ఆ నమాజులన్నీ ఏమైనట్టు?" అన్నారు. డెబ్బై అయిదు దాటిన మనిషి నోట ఆ సవాల్ విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మా ఉర్దూ మీడియం బడిలో దిక్సూచిని కుతుబ్‌నుమా అనేవారు. కుతుబ్‌ను, అంటే ధ్రువాన్ని చూపేది అని. అది చూపేది భూమి అయస్కాంత ధ్రువాన్ని. పటంలో ఉండే ఉత్తర ధ్రువం వేరు. పైగా ఈ అయస్కాంత ధ్రువం ఒకచోట నిలిచేది కాదు. మన కాళ్ల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున కరిగిన ఇనుము సుడులు తిరుగుతూ ఉంటుంది. భూమికి మక్నాతీసీ తాకత్ అక్కడి నుంచే వస్తుంది. ఆ ఇనుము నడక మారితే పైన సూది నడకా మారుతుంది.

1831లో జేమ్స్ క్లార్క్ రాస్ ఈ ధ్రువాన్ని కెనడా ఉత్తరాన కనిపెట్టాడు. ఇప్పుడది ఆర్కిటిక్ సముద్రం దాటుకుంటూ సైబీరియా వైపు పోతోంది. లండన్‌లో 1580లో సూది అసలు ఉత్తరానికి 11 డిగ్రీలు తూర్పుగా ఉండేది. 1820 నాటికి 24 డిగ్రీలు పడమరకు పోయింది. మళ్లీ వెనక్కి తిరిగి 2019లో గ్రీనిచ్ దగ్గర అసలు ఉత్తరంతో కలిసింది. అందుకే ఫోన్లు, ఓడలు, విమానాలు వాడే ప్రపంచ అయస్కాంత నమూనాను అయిదేళ్లకోసారి దురుస్తు చేస్తారు.

మన దేశంలోనూ ఈ లెక్క ఎప్పటి నుంచో ఉంది. బొంబాయి కొలాబాలో 1841 నుంచి కొలతలు తీశారు. ఊళ్లో ఎలక్ట్రిక్ ట్రాములు వస్తే కొలతలు చెడిపోతాయని 1904లో అలీబాగ్‌లో కొత్త అబ్జర్వేటరీ తెరిచారు. పాతదీ కొత్తదీ రెండేళ్లు పక్కపక్కన నడిపి లెక్కలు సరిచూసుకున్నారు. ఒక సూది సరిగ్గా చెప్పాలని అంత ఫికర్ పడ్డారు. మనం మాత్రం మూత అంచున మాగ్నెట్ ఉన్న ఫోన్ కవర్‌ను, ఇనుప కడ్డీలు నింపిన స్లాబు మీద పెట్టి, పెద్దల నమాజులకు ఫైసలా చెప్పేస్తున్నాం.

హైదరాబాద్ నుంచి ఖిబ్లా నేరుగా పడమర కాదు. పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి. ఇక్కడ సూదికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. కాబట్టి మా మసీదులో మూడు ఫోన్లు మూడు దిక్కులు చూపడానికి కసూర్ భూమిది కాదు. కవర్లది, కడ్డీలది. న్యూజెర్సీలో ఉన్న మన పిల్లల సంగతి వేరు. అక్కడ తేడా 12 డిగ్రీలకు పైనే. ఊరి నుంచి తీసుకెళ్లిన సూది ఖిబ్లానుమాను సరిచేసుకోకుండా వాడితే అంత మేరా పక్కకు పోతుంది.

ఈ మధ్య ఖాందాన్ గ్రూపుల్లో ఇంకో ఫార్వర్డ్ తిరుగుతోంది. ధ్రువాలు తలకిందులవుతున్నాయట, ఎండలు పెరగడానికి అదే సబబట. ధ్రువాలు తారుమారు కావడం నిజమే. కానీ పూర్తిగా తారుమారైంది చివరిసారి సుమారు 7,80,000 ఏళ్ల కింద. అందుకు వేల ఏళ్లు పడుతుంది. గాలి వేడెక్కడానికీ దానికీ సంబంధం లేదు. పరిశ్రమల కాలానికి ముందు గాలిలో పది లక్షల వంతుల్లో 280 వంతులుండే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఆ బొగ్గు, పెట్రోలు కాల్చింది మనుషులే. భూమి తన కక్ష్యలో ఊగే ఊగిసలాట వల్ల కూడా వాతావరణం మారుతుంది గానీ దానికి పదుల వేల ఏళ్లు కావాలి. మన చేతుల పనిని భూమి ఖాతాలో రాయడం ఎంత గలత్తో, సూది తప్పును మసీదు కట్టిన పెద్దల ఖాతాలో రాయడమూ అంతే గలత్.

నా రాయ్ ఒక్కటే. షక్ వస్తే నోరు తెరిచే ముందు తహకీక్ చేయండి. అల్‌బిరూనీ వెయ్యేళ్ల కింద గజ్నీ ఖిబ్లాను సూదితో కాదు, లెక్కలతో తేల్చాడు. మనకు అంత లెక్క కూడా అక్కర్లేదు. ఏటా మే 27 లేదా 28న మన టైము మధ్యాహ్నం 2:48కి, జూలై 15 లేదా 16న 2:57కి సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. ఆ క్షణాన నిటారుగా నిలబెట్టిన కర్ర నుంచి సూర్యుడి వైపే ఖిబ్లా. నీడ దానికి ఎదురుగా పడుతుంది. మాగ్నెట్ లేదు, యాప్ లేదు.

ఈసారి మే 28న మసీదు సెహన్‌లో అదే చేశాం. ఆ ఇద్దరు కుర్రాళ్లే కర్రకు తూకం దారం కట్టి నిలబెట్టారు. అబ్బా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. 2:48కి నీడ సఫ్ గీతను దాదాపు అడ్డంగా, గునియా పెట్టినట్టు కోసింది. తేడా కంటికి ఆనేంత లేదు. అందులో ఒక కుర్రాడు అబ్బా దగ్గరికి వచ్చి "మాఫ్ కరో దాదా" అన్నాడు. అబ్బా అతని భుజం తట్టి, "అడిగావు కాబట్టే తెలిసింది బేటా, కాకపోతే ముందు కొలిచి తర్వాత అడగాల్సింది" అన్నారు.

మీ మొహల్లాలోనూ ఈ తారీఖులు గోడ మీద రాసిపెట్టండి. మబ్బు లేకుంటే పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.