కర్రెత్తే ముందు ఒక్క క్షణం

పిల్లలూ!

ఒంటిమీద బల్లి పడితే మన పెద్దలు వెంటనే పంచాంగం తీసి ఫలితం చూస్తారు. అదే బల్లిని తినడానికి వచ్చిన పాము గోడమీద కనిపిస్తే మాత్రం ఏమీ చూడరు, కర్ర తీస్తారు. ఈ తొందరపాటు మంచిది కాదని నా అభిప్రాయం. ఎందుకో వినండి.

పోయిన వర్షాకాలంలో మా శ్రీకూర్మంలో ఇద్దరు విద్యార్థులు ఒక చచ్చిన పామును కర్రకు వేలాడదీసి తెచ్చారు. "కట్లపాము మాస్టారూ! మేమే చంపాం" అన్నారు గర్వంగా. తీరా చూస్తే అది విషంలేని తోడేలు పాము!

దీని శాస్త్రీయ నామం లైకోడాన్ ఆలికస్. లైకోడాన్ అంటే గ్రీకుభాషలో 'తోడేలు పన్ను' అని అర్థం. బల్లి ఒళ్ళు మెత్తన, నలికండ్ల పాము ఒళ్ళు నున్నన. రెండూ పట్టు జారిపోయేవే. అందుకే ఈ పాముకు దవడల ముందుభాగంలో పొడవైన పళ్ళున్నాయి. అవి విషపు కోరలు కావు, ఎరను జారిపోకుండా పట్టే కొక్కేలు. పగలంతా ఏ గోడ పగుల్లోనో నిద్రపోతుంది. రాత్రి దీపం చుట్టూ పురుగులు, పురుగులకోసం బల్లులు, బల్లులకోసం ఈ పాము! గరుకు గోడల మీద కూడా చకచకా పాకగలదు.

మరి కట్లపాముతో తేడా ఎలా తెలుస్తుంది? తోడేలు పాము గోధుమరంగులో ఉంటుంది. కట్లు మెడదగ్గరే మొదలై, తోకవైపు పోనుపోను మాసిపోతాయి. కట్లపాము నిగనిగలాడే నలుపు. దాని సన్నని తెల్లకట్లు తల దగ్గర ఉండవు, తోకవైపు స్పష్టంగా ఉంటాయి.

ఈ తేడాలు తెలుసుకోవడం మన ప్రాంతానికి కొత్తకాదు. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, ఏది విషపామో ఏది కాదో తేల్చాలని ఈ తీరంలోని పాములను సేకరించి, వాటి తెలుగు పేర్లతోసహా 1796లో పుస్తకం ప్రచురించాడు. కట్లపాముల ప్రజాతికి పెట్టిన 'బంగారస్' అనే పేరు మన 'బంగారు' నుంచి పుట్టిందే!

అయితే ఒక హెచ్చరిక. నేను చెప్పిన గుర్తులు నమ్మి ఏ పామునూ చేత్తో పట్టకండి. కొన్ని తోడేలు పాములకు కట్లే ఉండవు. చీకట్లో పెద్దవాళ్ళే పొరబడతారు. కట్లపాము నేలమీద పడుకున్నవారిని కరిస్తే నొప్పి, వాపు అంతగా ఉండవు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆడదు. కాబట్టి ఏ పాము కరిచినా మంత్రాలకోసం కాలం వృథా చేయక, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది. మంచంమీద పడుకోవడం, దోమతెర కట్టుకోవడం, రాత్రి దీపంతో నడవడం మంచి అలవాట్లు.

ఇంతకీ పాము కనిపిస్తే ఏం చేయాలి? దూరంగా నిలబడండి, పెద్దలను పిలవండి, దారి వదలండి. ఇంట్లోనే ఉండిపోతే, పాములు పట్టడం తెలిసినవారిని పిలిపించండి. చంపబోయి కాటు తిన్నవారు ఎందరో!

మన కూర్మనాథుని గుడిలో నక్షత్ర తాబేళ్ళను ఎంత ముద్దుగా చూస్తాం! బల్లిని తిని బతికే ఈ పాముకు దణ్ణం పెట్టమని నేననను. దాని దారిన దాన్ని పోనిస్తే చాలు.